ముగ్గు పక్కన కర్ర నీడ

ఒమాన్ దేశంలో, బౌషర్‌లో మేమున్న వీధికి పేరు లేదు, ఇళ్ళకి నంబర్లు లేవు. ఉత్తరాలు మావారి ఆఫీసు పోస్టుబాక్సుకి వచ్చేవి. మనుషులు రావాలంటే మాత్రం, పెట్రోలు బంకు దాటాక రెండో మసీదు దగ్గర తిరిగి, కొండ వైపు మొహం పెట్టి, నీలం గేటు కనబడేదాకా రమ్మనేవాళ్ళం. నీలం గేటు మాదే. దాని గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే. అయినా చెప్పక తప్పదు.

ఎనభైల చివర్లో మేం కాపురం పెట్టేసరికి ఆ వీధిలో పదకొండు ఇళ్ళు. కొండ వైపు చివర ఉన్నది అన్నిటికన్నా ముందు లేచిన ఇల్లు. జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన కుటుంబం కట్టుకున్నదట. దాని తలుపు మీద చెక్కిన తీగలూ పువ్వులూ చూడడానికి కూరగాయల వంక పెట్టుకుని నేను రోజూ అటు నడిచేదాన్ని. తక్కినవన్నీ పదేళ్ళలోపు కట్టినవే. తెల్ల రంగు, కమాను కిటికీలు, డాబా మీద నీళ్ళ ట్యాంకు, దాన్ని నింపడానికి వారానికి రెండుసార్లు వచ్చే నీళ్ళ లారీ. వీధి రెండో చివర, సముద్రం వైపు, ఈ పదకొండూ కాక, వీధి కన్నా ముందు నుంచే ఉన్న ఒక మట్టి ఇల్లూ, తొమ్మిది ఖర్జూరం చెట్లూ, ఒక నిమ్మచెట్టూ ఉండేవి. అక్కడ డెబ్బై దాటిన ఒమానీ ముసలాయన ఒకాయన ఉండేవాడు. నేను చెప్పబోయేదంతా ఆయన నీళ్ళ గురించే.

మేం వచ్చిన ఆరో నెల నుంచి ఆయన రోజూ మా గేటు ముందు నిలబడడం మొదలుపెట్టాడు. ఉదయం ఎనిమిది అవుతుండగా, మావారి కారు అటు వెళ్ళగానే ఈయన ఇటు వచ్చేవాడు. పాదాల దాకా తెల్ల చొక్కా, తలకి చుట్టిన గళ్ళ గుడ్డ, చేతిలో కర్ర. వచ్చి, సరిగ్గా నా ముగ్గు పక్కన కర్ర గుచ్చి, నేలకేసి చూస్తూ అరగంట సేపు కదలకుండా నిలబడేవాడు. తర్వాత కర్ర పీక్కుని వెళ్ళిపోయేవాడు.

నాకు ఒళ్ళు మండిపోయేది. మాది కాకినాడ. పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టనిదే నాకు కాఫీ దిగదు. గల్ఫుకి వెళ్తున్నావు, అక్కడ ముగ్గులెందుకని మా చెల్లెలు నవ్వినా వినకుండా, సూట్‌కేసులో రెండు కిలోల ముగ్గుపిండి సర్దుకున్నాను. ఎయిర్‌పోర్టులో ఆ తెల్లపొడి సంచి విప్పించి, వాసన చూసి, నాలుక మీద వేసుకోబోయి ఆగిన ఆఫీసరు మొహం నాకింకా గుర్తే. అంత కష్టపడి తెచ్చుకున్న పిండితో, కంకర మీద నిలవని ముగ్గుని నేను ఎలాగో నిలబెడితే, ఈయనొచ్చి కర్ర గుచ్చి ఒక మూల చెరిపేస్తున్నాడాయె. దిష్టి పెడుతున్నాడో, తప్పు పడుతున్నాడో అర్థమయ్యేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "బాబా, ఇక్కడేం చేస్తున్నారు రోజూ?" నాది హైదరాబాదులో మూడేళ్ళు చదువుకుని నేర్చిన హిందీ. ఆయనది కుర్రతనంలో పడవెక్కి బొంబాయి వెళ్ళి, అక్కడి రేవులో మూటలు మోసి నేర్చిన హిందీ. ఇద్దరిదీ కలిపితే ఒక హిందీ అయ్యేది.

"నా పని నేను చేసుకుంటున్నాను బేటీ. నీ పని నువ్వు చేసుకో," అన్నాడు తల ఎత్తకుండా.

లోపలికొచ్చి పోపులో ఆవాలు మాడ్చాను.

అయితే కోపం ఎన్నాళ్ళని పట్టుకు కూర్చుంటాం? మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. అది గేటు కింద నుంచి చెయ్యి చాచి ఆయన కర్ర పట్టుకునేది. ఆయన దాని చేతిలో ఒక ఖర్జూరం పండు పెట్టేవాడు. అలా అలా నేను ఒక గ్లాసు టీ ఇవ్వడం, ఆయన తాగుతూ రెండు మాటలు చెప్పడం మొదలైంది. ఆ రెండేసి మాటల్లోనే, కొన్ని నెలల్లో, నేను ఎక్కడ కాపురం ఉంటున్నానో నాకు తెలిసింది.

మా వీధి కింద నీళ్ళ కాలువ ఉంది.

మొదట నేను నమ్మలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. కొండ లోపల ఎక్కడో నీటి ఊట తగిలేదాకా, ఆయన తాతల తాతలు భూమిలోపల సొరంగం తవ్వుకుంటూ పోయారు. మనిషి పడుకుని పాకేంత సొరంగం. చేతిలో నూనెదీపం, సన్నటి గునపం, అంతే. దొరికిన నీళ్ళని అక్కడి నుంచి ఊళ్ళోకి నడిపించుకొచ్చారు. ఫలజ్ అంటారు దాన్ని. పైనున్న తోటల దగ్గర అది బయటికి కనబడుతుంది, మా వీధి మొదట్లో మళ్ళీ నేలలోకి దిగుతుంది, రాతి పలకల కింద నాలుగు వందల అడుగులు నడిచి ముసలాయన తోటలో తేలుతుంది. మా వీధి ఒకప్పుడు వీధి కాదు. కాలువకి అటూ ఇటూ తోటలు. మేం పడుకునే గది ఒకప్పటి మామిడితోట.

ఆ సాయంత్రం మావారికి చెప్పాను. ఆయన పని రోడ్ల డ్రాయింగులు గీయడం. ఎప్పుడూ దేనికీ ఆశ్చర్యపోని మనిషి, కంచం ముందు చెయ్యి ఆపేశారు. "మేం మిషన్లు పెట్టి లెవెల్ చూసుకున్నా వంద మీటర్లకి తేడా కొట్టేస్తుంది. నీళ్ళు ఎక్కడా ఆగకుండా, ఎక్కడా ఉరకకుండా మైళ్ళకొద్దీ వాలు ఎలా పట్టారు వాళ్ళు, చీకట్లో పడుకుని?" అన్నారు. ఆ రాత్రి నేను చాపెత్తి గచ్చుకి చెవి ఆనించి చూశాను. ఏమీ వినబడలేదు. అయినా చెవి తీయబుద్ధి కాలేదు. లారీలో నీళ్ళు కొనుక్కుని పొదుపుగా గిన్నెలు కడుక్కునే నేను, ఏటి మీద కాపురం చేస్తున్నాను.

ఏరు అన్నానుగానీ, నేను తెలుసుకునేసరికి అందులో నీళ్ళు లేవు. ముసలాయన బెంగ అదే. ఏడాదిగా ఆయన తోటకి చుక్క రావడం లేదు. పైన తోటల్లో నీళ్ళున్నాయి. మా వీధి మొదట్లో నేలలోకి దిగేచోట మాత్రం నిండి, పక్కనున్న వాగులోకి పొర్లిపోతున్నాయి. అంటే ఆ నాలుగు వందల అడుగుల్లో ఎక్కడో పూడుకుపోయింది. ఎక్కడో ఆయనకి తెలియదు. కాలువ దారికి ఆయన పెట్టుకున్న గుర్తులన్నీ ఒక బండ, ఒక తుమ్మచెట్టు, ఒక తోట గోడ. ప్లాట్లు వేసేటప్పుడు బుల్‌డోజర్ అన్నిటినీ చదును చేసేసింది. ఆ ఊరి నీళ్ళ వంతులు చూసింది ముప్పై ఏళ్ళు ఆయనే, ఆయన తండ్రీ అదే పని చేశాడు. అలాంటి మనిషి మా ఎదురింటివాళ్ళని బతిమాలి వాళ్ళ వాకిట్లో తవ్వించాడు. ఏమీ దొరకలేదు. ఇంకో ఇంట్లో తవ్వించాడు. అక్కడా రాయీ రప్పా తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఎవర్నీ అడగలేకపోయాడు.

రూవీలో ఆఫీసు ఉద్యోగం చేసే కొడుకు గడువు పెట్టాడు. ఈ చలికాలం దాటితే చెట్లు ఎలాగూ పోతాయి, అప్పుడు తోట కొట్టించి రెండంతస్తులు కట్టి అద్దెకిస్తానన్నాడు. కొడుకుని తప్పు పట్టడానికీ లేదు. తొమ్మిది చెట్లలో రెండింటికి అప్పటికే మొవ్వు వాలిపోయింది. ముసలాయన బకెట్లతో పోస్తూ తక్కిన ఏడింటినీ నిలబెట్టుకొస్తున్నాడు.

ఇక గేటు సంగతి.

ఆ ఇంట్లో దిగిన మొదటి మూడు నెలల్లో మాకు ఏదీ కలిసి రాలేదు. మావారి వీసా కాగితాలు ఎక్కడో ఆగాయి. ఫ్రిజ్ చెడిపోయింది. అమ్మాయికి దగ్గు పట్టుకుని వదల్లేదు. నేను వాకిట్లో నిలబడి నాలుగు దిక్కులూ చూసి కారణం కనిపెట్టేశాను. ఇల్లు తూర్పు ముఖం, గేటేమో ఆగ్నేయం మూల! తూర్పు ఆగ్నేయంలో నడక పెట్టుకుని ఎవరు బాగుపడ్డారు? ఈశాన్యానికి మార్పించాలని పట్టుబట్టాను. అద్దె ఇంటికి, అదీ ఒమాన్‌లో, వాస్తు ఏమిటని మావారు తల పట్టుకున్నారు. నేను రెండు రోజులు మాట్లాడ్డం మానేశాను. మూడో రోజు ఆయనే వెళ్ళి ఇంటి ఓనర్ని అడిగారు. ఓనరు మంచివాడు, మీ తిప్పలు మీరు పడండన్నాడు.

పనికి వచ్చింది మనవాళ్ళే. జగిత్యాల వైపు మేస్త్రీ, ఆయనతో ఇద్దరు. నా సంతోషం చెప్పనలవి కాదు. తెలుగు మాట వినబడేసరికి మజ్జిగ మీద మజ్జిగ ఇచ్చాను. కొత్త గేటు స్తంభానికి ఛాతీ లోతు గుంట తీశారు. నేను పసుపూ కుంకుమా చల్లి, నవధాన్యాలు పోసి, చేతులు జోడించాను. కాంక్రీటు పోస్తుంటే గుంట ఎంతకీ నిండదు. కలిపిందంతా అయిపోయింది, మళ్ళీ కలిపారు. "పదిహేను తట్టలు ఎక్కువ పడ్డయమ్మా. ఈ భూమికి దూప బాగున్నట్టున్నది," అని మేస్త్రీ నవ్వాడు. దూప అంటే దాహమట. ఈశాన్యం అంత నిండుగా తీసుకోవడం శుభమే అనుకున్నాను. పాత గేటు చోట గోడ కట్టించి, కొత్త గేటుకి నీలం రంగు నేనే వేయించాను. ముసలాయన వచ్చి నిలబడడం మొదలైంది ఆ తర్వాత రెండు నెలలకి. కొత్త గేటు చూడ్డానికే వస్తున్నాడని కూడా ఒకసారి అనుకున్నాను.

ఆపై ఏడాదిన్నరకి, కార్తీకమాసంలో, మా వీధికి టెలిఫోను కేబుల్ వేయడానికి వచ్చారు. గురువారం సాయంత్రం ఎవరో వచ్చి ఇళ్ళ ముందు నుంచి పొడుగునా సున్నంతో గీత పోసి వెళ్ళారట. మేం గురువారం మధ్యాహ్నమే మత్రా ఊరు వెళ్ళి, శుక్రవారం రాత్రి ఎప్పుడో వచ్చాం. శనివారం పొద్దున్నే చీపురు పట్టుకుని బయటికొచ్చేసరికి నా వాకిట్లో అడ్డంగా తెల్లగీత! ఎదురింటి పిల్లల ఆటే అనుకున్నాను. వాళ్ళని మనసులోనే నాలుగు తిట్టి, గీత ఊడ్చేసి, నీళ్ళు చల్లి, తీరుబడిగా పదిహేను చుక్కల ముగ్గు వేసుకుని లోపలికి వెళ్ళాను.

గంట తర్వాత బయట గునపాల చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, ఆరుగురు మనుషులు. అందులో మన మేస్త్రీ! కంపెనీ మారాడట. పక్కింటి వైపు నుంచి తిన్నగా వస్తున్న కందకం మా గేటు దగ్గరికొచ్చేసరికి వీధి మధ్యకి వంపు తిరిగి, నా ముగ్గుని చుట్టి, అవతల మళ్ళీ గీత మీద పడుతోంది.

"అదేంటి మేస్త్రీ, అలా తిప్పారు?" అన్నాను.

"గీత మీ ముగ్గు కాడ ఆగిందమ్మా. మరి ముగ్గు మీద గడ్డపార ఎట్లేస్తం? మా వోళ్ళు ఒక్కడన్న ముట్టలే. ఇంజనీర్ సాబ్ అడిగితే నేను చెప్పుకుంట," అన్నాడు.

నా తప్పు అప్పుడు తెలిసి నాలుక కరుచుకున్నాను. గీత ఊడ్చింది నేనేనని ఒప్పుకునేలోపే, వంపులో తవ్వుతున్న మనిషి గునపం ఠంగుమంది. అతను మళ్ళీ కొట్టబోతే మేస్త్రీ వారించి కందకంలోకి దిగాడు. చేత్తో మట్టి తుడిచాడు. మోకాటి లోతులో చదునుగా ఒక రాతి పలక, దాని పక్కన ఇంకో పలక, మధ్య సందులో గులాబి రంగు గార. మేస్త్రీ పలక మీద గునపం పిడితో నెమ్మదిగా తట్టాడు. కింద బోలు. ఆయన మొహం మారిపోయింది.

"అమ్మా, ఇది కాలువ," అన్నాడు. "మా నాయిన నీరటి. మా ఊళ్ళె తూము ఇడిచేది ఆయననే. ఎవలి పొలానికి ఎంతసేపని నీళ్ళ వంతు చూసేటోడు. తూము మీద రాయి గిట్లనే పలుకుతది."

సరిగ్గా అప్పుడే ముసలాయన వచ్చాడు, ఎనిమిదింటికి, ఎప్పటిలాగే. కందకం అంచున నిలబడి పలకని చూశాడు. కర్ర పక్కన పడేసి, ఆ వయసులో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గోతిలోకి దిగిపోయాడు. గార మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆయనా మేస్త్రీ కలిసి ఒక పలక పైకి లేపారు. నేను వంగి చూశాను. లోపల నున్నటి గోడలతో, ఒక మనిషి పడుకోవడానికి సరిపోయేంత కాలువ, అద్దంలా గార పూసినది. ఎన్ని వందల ఏళ్ళ కిందటి చేతులో, తాపీ గుర్తులు ఇంకా ఉన్నాయి. అంత అందమైన పనిని ఎవరూ చూడని చోట, చీకట్లో, నేల కింద చేసిపెట్టి వెళ్ళిపోయారు. మా ఇంటి గోడలు ఇప్పుడే పెచ్చులూడుతున్నాయని గుర్తొచ్చింది.

తర్వాత మేస్త్రీ తల లోపలికి పెట్టి కొండ వైపు చూశాడు. చాలాసేపు తల బయటికి తీయలేదు. తీసి, ముసలాయన వైపు కాకుండా నా వైపు చూశాడు.

"కాంక్రీటమ్మా," అన్నాడు తెలుగులో, మెల్లిగా. "కాలువ నిండ కాంక్రీటు. మీ ఇంటి దిక్కుకెల్లి ఒక పిల్లకాలువ ఉన్నది, అడుగుకు. దాంట్లకెల్లే జారొచ్చింది. ఆ స్తంభం నేనే పోసిన గద. పదిహేను తట్టలు."

నేను నీలం గేటుని చూశాను. నా ఇంటికి మంచి జరగాలని, ఆ మనిషి నీళ్ళని నేనే కట్టేశాను. పైగా పసుపూ కుంకుమా చల్లి మరీ.

అక్కడ తెలుగు తెలిసింది మా వాళ్ళకే. ముసలాయన పలకని నిమురుతూ ఉన్నాడు. ఎవరో కట్టడం వాళ్ళు చేశారంటే సరిపోయేది, ఆయన నమ్మేవాడు. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదంటే అబద్ధం. మేస్త్రీకీ వచ్చిందేమో. కానీ ఆయనే ముందు, "నేను చెప్తనమ్మా. నీరటి కొడుకును, నీళ్ళు ఆపిన. నేనే చెప్పాలె," అన్నాడు.

"చేయించింది నేను, మేస్త్రీ," అని, నా హిందీలో అంతా చెప్పాను. గేటు ఎందుకు మార్పించానో, దిక్కులు, ఫ్రిజ్, దగ్గు, కాంక్రీటు ఎంతకీ నిండకపోవడం, అన్నీ. చెబుతుంటే ఏడుపొచ్చేసింది. ఆయన అరిచినా బాగుండును అనుకున్నాను.

ముసలాయన అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు. "మరి గేటు మార్చాక పాప దగ్గు తగ్గిందా బేటీ?"

"తగ్గింది బాబా. అది మందుకే తగ్గింది."

"తగ్గిందిగా. అల్హందులిల్లా," అని, మళ్ళీ వంగి కాలువలోకి చూసుకున్నాడు.

ఇంజనీరు పదింటికొచ్చి వంపు చూసి మండిపడ్డాడు. ముగ్గు సంగతి చెబితే ఇంకా మండిపడ్డాడు. కాలువ చూశాక మాత్రం చల్లబడ్డాడు. కందకం గీత మీదే మళ్ళీ తవ్వి, కేబుల్ వేసి పూడ్చమనీ, వంపులో తెరిచిన చోట శుక్రవారం దాకా చెక్కలు కప్పి ఉంచమనీ చెప్పి వెళ్ళాడు. శుక్రవారం కంపెనీకి సెలవు. వారంలో వాళ్ళకి దొరికేది ఆ ఒక్క రోజే, బట్టలుతుక్కోవడానికీ, ఇంటికి ఉత్తరం రాసుకోవడానికీ. ఆ రోజు ఇంకా చీకటుండగానే మేస్త్రీతో కలిపి ఆరుగురూ ఉలులూ సుత్తులూ పట్టుకుని మా గేటు ముందు ఉన్నారు. ఎవరూ రమ్మనలేదు.

కాలువలో ఒక్కడే పట్టేవాడు. మేస్త్రీ బోర్లా పడుకుని లోపలికి పాకి కొట్టడం, ముక్కలు వెనక్కి తోయడం, అలిసిపోతే ఇంకొకడు దూరడం. గార మీద ఒక్క దెబ్బ కూడా పడకూడదని మేస్త్రీ ముందే ఒట్టు వేయించుకున్నాడు. నేను పులిహోర కలిపి తెచ్చాను. ముసలాయన కూర్చోలేదు, తినలేదు. మధ్యలో ఒక ముక్క బయటికొచ్చింది. నల్లబడ్డ కాంక్రీటులో నేను పోసిన శనగలు రెండు కూరుకుని ఉన్నాయి. అది నేను ఇప్పటికీ దాచుకున్నాను.

ఏడున్నర దాటాక లోపలి నుంచి మేస్త్రీ గొంతు, "జరుగుండ్రి," అని. వెనక్కి పాకి బయటపడ్డాడు. మొదట చల్లటి గాలి వచ్చింది, తడిమట్టి వాసనతో. తర్వాత చప్పుడు. ఆ తర్వాత నీళ్ళు. ఉరుక్కుంటూ రాలేదు, హడావుడి లేదు. రోజూ నడిచే దారిలో నడుస్తున్న మనిషి లాగా వచ్చి, దుమ్మూ ఆకులూ ముందుకు నెట్టుకుంటూ, మేం తెరిచిన చోటు దాటి, మళ్ళీ పలకల కిందికి వెళ్ళిపోయాయి. మేస్త్రీ తడిసిన చేతులతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి వీధి చివర నుంచి ఎవరివో కేకలు. తోటలో నీళ్ళు తేలాయి.

మావాళ్ళంతా అటు పరుగెత్తారు. ముసలాయన కదల్లేదు. ఏడాదిన్నర తర్వాత తన చెట్లకి నీళ్ళు వస్తుంటే చూడ్డానికి వెళ్ళకుండా, కిందపడేసిన కర్ర తీసుకుని, టైమెంతయిందో అన్నట్టు సూర్యుడికేసి చూసి, ఆ పొద్దున కూడా మానకుండా నేను వేసిన ముగ్గు పక్కన, ఎప్పుడూ గుచ్చేచోటే కర్ర గుచ్చాడు.

"బాబా, తోట దగ్గరికి వెళ్ళరా?" అన్నాను.

"వెళ్తాను. ఇప్పుడు నీ ఇంటి వంతు," అన్నాడు. కర్ర నీడ ముగ్గు మీద పడిన చోటు చూపించాడు. "దీని చివర ఆ మూల చుక్క దాటేదాకా ఈ నీళ్ళు నీవి. అది దాటాక పక్కింటివి. తర్వాత ఆ పక్కవి. నాది అన్నిటికన్నా ఆఖరు."

"కానీ ఇక్కడ తోటే లేదుగా బాబా. ఇళ్ళొచ్చేశాయిగా."

"ఇల్లు కట్టుకుంటే నేల వంతు పోతుందా?" అని ఆయన కొండ వైపు చివర నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ వచ్చాడు. చెక్కడాల తలుపు ఇంటిది పొద్దు పొడవగానే మొదలట, ఒకప్పుడు అక్కడ దానిమ్మలట. దాని పక్కది పశువుల మేత. ఆ తర్వాతది ఒక విధవరాలిది, అందుకని ఆమెకి సగం నీడ ఎక్కువ. మాది మామిడి. పదకొండు ఇళ్ళనీ నీడల లెక్కలో వరసగా చదివాడు, ఎక్కడా తడుముకోకుండా. రాత్రి వంతులకి నక్షత్రాల లెక్క వేరే ఉందట. పదేళ్ళలోపు కట్టిన ఇళ్ళనుకున్న ఆ వీధి నా కళ్ళ ముందు ఎంత వెనక్కి వెళ్ళిందో చెప్పలేను.

నాకు అప్పుడు తట్టింది. "అయితే ఇన్నాళ్ళూ ఇక్కడ నిలబడింది..."

"అన్ని ఇళ్ళ ముందూ నిలబడ్డాను. నువ్వు నీ గేటు దగ్గరే చూశావు," అన్నాడు. "నీళ్ళున్నప్పుడు వంతులు నీళ్ళే గుర్తు చేస్తాయి బేటీ. లేనప్పుడు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. మళ్ళీ వచ్చిన రోజున ఎవరి ముందు ఎవరో తెలియకపోతే ఎలా?"

ఏడాదిన్నర. ఎండాకాలం కూడా. తన తోట ఎండిపోతుంటే, చుక్క నీరు లేని కాలువ మీద, నా ఇంటి వంతు నాకు దక్కేలా రోజూ అరగంట నిలబడ్డాడు. ఆ నీళ్ళు ఆపిన గేటు ముందు. నేనేమో ముగ్గు చెరుపుతున్నాడని తలుపు ధడాలున వేసుకునేదాన్ని.

మాకు తోట లేదు. నూనె డబ్బాలో ఒక కరివేపాకు మొక్క ఉంది, అంతే. అదే చెప్పాను. ఆయన నవ్వలేదు. సరే, తెచ్చుకో అన్నట్టు తెరిచిన పలక వైపు చెయ్యి చూపించాడు.

లోపలికెళ్ళి చెంబు తెచ్చాను. గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు ముంచాను. చల్లగా, తేటగా ఉన్నాయి. ముంచి తెచ్చి కరివేపాకుకి పోశాను, మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ పోశాను. డబ్బా నిండి పొర్లినా ఆగలేకపోయాను. మూడోసారి చెంబు పట్టుకుని వచ్చి తలెత్తి చూస్తే, ఆయన అలాగే నిలబడి నేలకేసి చూస్తున్నాడు. నీడ ఇంకా నాలుగు చుక్కల దూరంలో ఉంది.